కథోలిక ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి సంఘాలు, సాంఘిక జీవితం (తెలంగాణ)

కథోలిక మేత్రాసనాలు (డయోసిస్‌లు), సన్యాస సభలు నడిపే ఉన్నత పాఠశాలల్లో తరగతి గది బయట విద్యార్థులు కలిసి పనిచేసే బృందాలు, వాటి చుట్టూ అల్లుకున్న పోటీలు, పండుగలు, స్నేహాలు ఈ వ్యాసానికి విషయం. తెలంగాణలో ఈ బడులకు ఒక ప్రత్యేక పరిస్థితి ఉంది. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో క్రైస్తవులు సుమారు 1.3 శాతం. అన్ని శాఖలవారినీ కలిపిన లెక్క అది. కథోలికులు అందులో ఒక భాగం మాత్రమే. అందువల్ల బడి మఠం వాళ్లదైనా బెంచీల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది హిందువులు, ముస్లిముల పిల్లలు. ఐరోపాలో కథోలిక బాలలను భక్తిలో పెంచడానికి పుట్టిన సంఘాలు ఇక్కడికి వచ్చాక రెండు పాయలయ్యాయి. ఒకటి కథోలిక పిల్లలకే పరిమితమైన చిన్న భక్తి బృందాలు. రెండోది బడి అంతా పాల్గొనే నాయకత్వ, సేవా, క్రీడా, సాహిత్య సంఘాలు. ఈ బడుల సాంఘిక జీవితంలో ఎక్కువ భాగం నడిచేది రెండో పాయలోనే.

పుట్టుక

బడిలో విద్యార్థి సంఘం అనే ఆలోచన కథోలిక లోకంలో చాలా పాతది. 1563లో రోమ్‌లోని జెస్విట్ కళాశాలలో జాన్ లెయూనిస్ అనే యువ ఉపాధ్యాయుడు కొందరు విద్యార్థులను చేర్చి మరియమాత పేరున ఒక బృందం ఏర్పరిచాడు. రోజూ కొంతసేపు ప్రార్థన, వారానికోసారి సమావేశం, పేదలకూ రోగులకూ సేవ దాని నియమాలు. జెస్విట్ బడులు ఎక్కడ తెరిస్తే అక్కడికి ఈ నమూనా వెళ్లింది. 19వ శతాబ్దంలో మరికొన్ని వచ్చి చేరాయి. పారిస్‌లో విద్యార్థిగా ఉన్న ఫ్రెడెరిక్ ఓజనాం 1833లో మిత్రులతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లి సాయపడే విన్సెంట్ ది పాల్ సంఘం మొదలుపెట్టాడు. 1843లో ఫ్రాన్స్‌లోనే నాన్సీ మేత్రాణి (బిషప్) ఫోర్బిన్ జాన్సన్ పిల్లలు పిల్లలకు సాయపడాలనే ఉద్దేశంతో పరిశుద్ధ బాల్య సంస్థను స్థాపించాడు. ఇటలీలోని ట్యూరిన్‌లో డాన్ బోస్కో బడిలో చదివిన డొమినిక్ సావియో 1856లో తోటి పిల్లలతో ఒక చిన్న సంఘం కట్టాడు. పెద్దలు నడిపేదిగా కాక పిల్లవాడే పిల్లలను కూడగట్టిన సంఘంగా ఇది ఈ చరిత్రలో విడిగా చెప్పుకోదగ్గది. 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ ప్రారంభించిన లీజన్ ఆఫ్ మేరీ తరువాతి దశాబ్దాల్లో మన విచారణలకూ (పారిష్‌లకూ) బడులకూ చేరింది.

తెలుగు నేల మీద ఇవి బడుల వెంట వచ్చాయి. విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ 1847 నాటిది. హైదరాబాదులో ఆల్ సెయింట్స్ 1855లోనూ, సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ 1871లోనూ మొదలయ్యాయి. నిజాం కాలంలో ఈ విద్య రాజధాని, దండు ప్రాంతం దాటి లోపలి జిల్లాలకు పెద్దగా పోలేదు. ఉత్తర తెలంగాణకు మలుపు 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనం ఏర్పడటం. ఇటలీకి చెందిన పైమ్ సభ గురువు ఆల్ఫోన్సో బెరెట్టా తొలి మేత్రాణి. 1955లో కాజీపేటలో మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ సెయింట్ గాబ్రియేల్ ఉన్నత పాఠశాలను తెరిచారు. అక్కడి ఫాతిమానగర్‌లో కెథీడ్రల్, బాలుర బడి, బాలికల బడి చేరువ చేరువలో ఉండటంతో ఆ పేట ఉత్తర తెలంగాణ కథోలిక విద్యకు కేంద్రమైంది.

పాత కరీంనగర్ జిల్లా కూడా ఈ మేత్రాసనం పరిధిలోనిదే. సిరిసిల్ల నుంచి కామారెడ్డి వెళ్లే దారిలో ఉన్న ఎల్లారెడ్డిపేట వంటి మండల కేంద్రాల్లోని కుటుంబాలకు మిషన్ బడి అంటే ఏళ్ల తరబడి ఊరి బడి కాదు. బస్సెక్కి వెళ్లేది, లేదా హాస్టల్లో ఉండి చదివేది. సిరిసిల్ల మరమగ్గాలు, జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఆడవాళ్ల బీడీ పని, ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఇంటింటికీ తెలిసిన గల్ఫ్ వలస, ఇవన్నీ ఆ ఎంపికను నడిపించాయి. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నప్పుడు పిల్లవాణ్ణి క్రమశిక్షణ గల హాస్టల్లో వేయడం చాలా కుటుంబాలకు భరోసా. ఇక్కడి సంఘ జీవితం అర్థం కావాలంటే ఆ హాస్టల్ దగ్గర మొదలుపెట్టాలి.

హాస్టల్

బోర్డింగ్ అని పిలిచే హాస్టల్‌లో రోజు గంటల మీద నడుస్తుంది. తెల్లవారుజామున లేవడం, స్నానాలకు వరుస, కథోలిక పిల్లలకు పూజ, మిగతావారికి చదువు, టిఫిను, బడి, సాయంత్రం ఆటలు, మళ్లీ చదువు, రాత్రి భోజనం, ప్రార్థన. ట్రంకు పెట్టెకు తాళం, ఇంటినుంచి తెచ్చిన సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు నలుగురు పంచుకోవడం, నెలకోసారి తల్లిదండ్రులు వచ్చే ఆదివారం కోసం ఎదురుచూపు, ఇవి ఆ జీవితానికి గుర్తులు. బట్టలు ఉతుక్కోవడం, గదులు ఊడవడం, వడ్డన, తోటపని వంతులవారీగా పిల్లలే చేస్తారు. ఏ పని ఎవరిదో చూసే బాధ్యత పెద్ద తరగతి లీడర్లది. కాగితం మీద ఇది సంఘం కాదు, దీనికి బ్యాడ్జీ లేదు. అయినా నాయకత్వం మొదట నేర్పే చోటు ఇదే. తగవు తీర్చడం, జ్వరం వచ్చిన చిన్నవాణ్ణి బ్రదర్ దగ్గరికి తీసుకుపోవడం, భోజనం తక్కువైతే తన కంచంలోది సర్దడం ఏ శిక్షణ శిబిరమూ ఇంత బాగా నేర్పదు. ఇంటిమీద బెంగ, పెద్ద పిల్లల పెత్తనం, అతి కఠినమైన నియమాలు కూడా ఈ జీవితంలో భాగమే. వాటిని గమనించి సర్దే వార్డెన్ ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి ఒక హాస్టల్ మంచిదో కాదో తేలుతుంది.

భక్తి బృందాలు

కథోలిక విద్యార్థుల కోసం ఉన్న బృందాలు సాధారణంగా చిన్నవి. పూజలో గురువుకు పీఠం దగ్గర సాయపడే బాలురు, గాయక బృందం, లీజన్ ఆఫ్ మేరీ, పరిశుద్ధ బాల్య సంస్థ ప్రధానమైనవి. అక్టోబరు జపమాల మాసం. ఆ నెలలో బృందంగా జపమాల చెప్పడం చాలా బడుల్లో ఆనవాయితీ. ఏడాదికోసారి రిట్రీట్ పేరుతో ఒకటి రెండు రోజులు చదువు ఆపి మౌనం, ప్రసంగాలు, పాపసంకీర్తనం ఉంటాయి. దళిత కుటుంబాల నుంచి, పల్లె విచారణల నుంచి వచ్చిన పిల్లలకు ఈ బృందాల విలువ భక్తితో ఆగలేదు. హార్మోనియం, తబలా, కీబోర్డు ముందుగా చేతికందింది గాయక బృందంలోనే. నలుగురిలో నిలబడి వాక్యం చదవడం వాళ్లకు మైకు ముందు భయం పోగొట్టింది.

ఈ బృందాలకూ మిగతా బడికీ మధ్య గీత గీసింది రాజ్యాంగం. 30(1) అధికరణం మైనారిటీలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఇస్తుంది. 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా సహాయం పొందే ఏ సంస్థలోనైనా విద్యార్థిని, మైనరైతే సంరక్షకుణ్ణి అడిగి ఒప్పుకుంటేనే మతబోధలో గానీ ఆరాధనలో గానీ కూర్చోబెట్టాలి. అందుకే టైంటేబుల్లో ఒకే పీరియడు రెండు చోట్ల నడుస్తుంది. కథోలిక పిల్లలు లేచి సత్యోపదేశానికి వెళ్తారు, మిగతావాళ్లు అక్కడే కూర్చుని నీతిబోధ వింటారు. సిస్టర్ చెప్పే నీతిబోధలో కథలు, గొప్పవారి జీవితాలు, నిజం చెప్పడం, సమయపాలన వంటివి ఉంటాయి. ఎన్నో ఏళ్ల తరువాత కూడా పూర్వ విద్యార్థులు ఈ పీరియడును తలచుకుంటారు. ఉదయం అసెంబ్లీలో మాత్రం అందరూ కలుస్తారు. ప్రార్థన గీతం, వార్తలు, ఆనాటి సూక్తి, నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో రాసిన జాతీయ ప్రతిజ్ఞ, చివర జాతీయగీతం. ఆ వేదికపై ఒక్కో తరగతికి వారం చొప్పున వంతు వస్తుంది.

వై.సి.ఎస్., వై.ఎస్.ఎం.

రెండు పాయలనూ కలిపే ప్రయత్నం యువ విద్యార్థి ఉద్యమం. దీని మూలం బెల్జియం గురువు జోసెఫ్ కార్డైన్ (1882–1967). ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం ఆయన 1925లో యువ క్రైస్తవ శ్రామికుల ఉద్యమం ప్రారంభించాడు. అదే పద్ధతి బడులకు విస్తరించి యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్, క్లుప్తంగా వై.సి.ఎస్., అయింది, 1946లో దానికి అంతర్జాతీయ రూపం వచ్చింది. క్రైస్తవేతరులు ఎక్కువగా ఉన్న భారతీయ బడుల్లో అదే ఉద్యమం యంగ్ స్టూడెంట్స్ మూవ్‌మెంట్, అంటే వై.ఎస్.ఎం., పేరుతో అన్ని మతాల పిల్లలకూ తలుపు తెరిచింది. మతమార్పిడి ఊసు లేకుండా ఒక ఆచరణ పద్ధతిని మాత్రం అందరితో పంచుకోవడం ఇందులోని విశేషం.

ఆ పద్ధతికి మూడు మెట్లు: చూడటం, తూచి నిర్ణయించడం, చేయడం. 1961లో 23వ జాన్ పోపు తన సామాజిక లేఖలో దీన్ని సిఫారసు చేశాడు. బడిలో ఇది చిన్న చిన్న బృందాలుగా నడుస్తుంది. ఉదాహరణకు, ఒక అమ్మాయి పది రోజులుగా బడికి రావడం లేదని బృందం గమనిస్తుంది. ఇంటికి వెళ్లి చూస్తే తల్లికి బాగులేక ఆ పిల్ల బీడీలు చుడుతూ కూర్చుంది. ఇది ఎందుకు జరిగింది, ఇందులో న్యాయం ఏది అని చర్చిస్తారు. తరువాత తమ చేతిలో ఉన్న పని ఎంచుకుంటారు: నోట్సు రాసిచ్చి ఇంటి దగ్గర పాఠం చెప్పడం, ఫీజు గడువు కోసం హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడటం. మళ్లీ సమావేశంలో ఆ పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకుంటారు. పని చిన్నదే కావచ్చు, కానీ పెద్దలు చెప్పింది చేయడం వేరు, తాము చూసినదానికి తామే బాధ్యత పడటం వేరు. కథోలిక బడులు తెలుగు పిల్లలకు ఇచ్చిన సంఘాలన్నిటిలో ఆలోచన లోతు ఉన్నది ఇదే. బృందానికి తోడుండి నడిపించే మంచి టీచరు (యానిమేటర్) బదిలీ అయిపోతే బృందం చెదిరిపోవడం దీని బలహీనత. కళాశాల స్థాయిలో దీనికి పెద్దన్న వంటిది 1924లో మొదలైన అఖిల భారత కథోలిక విశ్వవిద్యాలయ సమాఖ్య.

లీడర్లు, హౌస్‌లు

బడి మొత్తాన్నీ కలిపే చట్రం విద్యార్థి మంత్రివర్గం. స్కూల్ ప్యూపిల్ లీడర్‌ను అందరూ ఎస్.పి.ఎల్. అంటారు. అతనికో సహాయకుడు, బాలికలకు ఒక లీడరు, క్రీడలు, సాంస్కృతికం, శుభ్రత, క్రమశిక్షణ చూసేవాళ్లు ఉంటారు. జూన్, జూలైల్లో ఎన్నిక జరుగుతుంది. నామినేషన్లు, ప్రచార ప్రసంగాలు, రహస్య ఓటు, చూపుడువేలికి సిరా, అన్నీ పద్ధతిగా సాగుతాయి. ఇటీవల కొన్ని బడులు మొబైల్ ఫోన్లనే ఓటింగు యంత్రాలుగా వాడుతున్నాయి. ప్రమాణ స్వీకార సభలో బ్యాడ్జీలు, పట్టీలు తొడుగుతారు. అభ్యర్థులను టీచర్లే వడపోసి ఓటును లాంఛనంగా మార్చే బడులూ ఉన్నాయి. అక్కడ పిల్లలు నేర్చుకునేది తక్కువ.

హౌస్‌ల పద్ధతి ఇంగ్లండు బోర్డింగ్ బడుల నుంచి వచ్చింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల కింద బడి నాలుగు జట్లవుతుంది. పేర్లు పునీతులవో, దేశ నాయకులవో, గుణాలవో పెడతారు. ఆరో తరగతి పిల్లవాడూ పదో తరగతి పిల్లవాడూ ఒకే జట్టులో ఉండటం దీని మేలు. సెక్షన్ల గోడలు దాటిన స్నేహాలు ఇక్కడే పుడతాయి. స్పోర్ట్స్ డే మార్చ్‌పాస్ట్, తాడు లాగుడు, క్విజ్, రంగవల్లి, ఏకపాత్రాభినయం దాకా ప్రతి దానికీ పాయింట్లు పడతాయి.

సేవ, సాహిత్యం, ఆటలు

1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ శాఖలు చాలా మిషన్ బడుల్లో ఉన్నాయి. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్యపురస్కార్ మెట్లెక్కిన పిల్లలు రాష్ట్రపతి పురస్కారం దాకా వెళ్లవచ్చు. 1948 చట్టంతో వచ్చిన ఎన్.సి.సి.లో జూనియర్ విభాగం హైస్కూలు పిల్లలది; ‘ఏ’ సర్టిఫికెట్ దాని ఫలం. జూనియర్ రెడ్‌క్రాస్, పర్యావరణానికి నేషనల్ గ్రీన్ కోర్, నగర బడుల్లో రోటరీ వారి ఇంటరాక్ట్ క్లబ్బులు ఈ కోవలోవే. వైజ్ఞానిక సంఘాలకు ఇన్‌స్పైర్ అవార్డులు, జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలు లక్ష్యం.

సాహిత్య సంఘాల విషయంలో ఈ బడుల లెక్కలో లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. ఇంగ్లిషులో వక్తృత్వం, చర్చ, నాటకం ఇక్కడ బలంగా సాగుతాయి. సిరిసిల్ల మరమగ్గ కార్మికుని కొడుకు వేదికెక్కి తడబడకుండా ఇంగ్లిషులో మాట్లాడటం తల్లిదండ్రులు కోరుకున్నదే, అది చిన్న విజయం కాదు. అయితే ఆవరణలో తెలుగు మాట్లాడవద్దన్న నియమం చాలాకాలం నడిచింది. దానివల్ల తెలుగు సాహిత్య సంఘం తెలుగు పండితుని పూనిక మీద, గోడపత్రిక మీద, వార్షిక సంచికలోని కొన్ని పుటల మీద ఆధారపడి బతికింది. ఆటస్థలంలో తెలంగాణ మాటే గెలిచింది, నియమం ఏమైనా.

ఆటస్థలం ఈ బడులకు పెద్ద ఆస్తి. హైదరాబాదు ఆల్ సెయింట్స్ నుంచి అబిద్ అలీ, అజారుద్దీన్, లిటిల్ ఫ్లవర్ నుంచి వి.వి.ఎస్. లక్ష్మణ్ భారత క్రికెట్ జట్టుకు వెళ్లారు. జిల్లాల్లో క్రికెట్ కంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌కు జోరు ఎక్కువ. మండల, జోనల్, జిల్లా పోటీలకు జట్టుగా లారీలోనో బస్సులోనో వెళ్లి రావడమే పిల్లలకు పెద్ద ప్రయాణం. పి.ఇ.టి. మాస్టారి ఈల అందరికీ చట్టం.

ఏడాది పండుగలు

జూన్ నెలలో బడి తెరిచాక జూలై 26న పునీత ఆన్నమ్మ పండుగ ఆ పేరున్న బడుల్లో, 31న పునీత ఇగ్నేషియస్ పండుగ జెస్విట్ బడుల్లో జరుగుతాయి. మోంట్‌ఫోర్ట్ పండుగ ఏప్రిల్ 28. అప్పటికి తెలంగాణలో వేసవి సెలవులు. స్వాతంత్ర్య దినం కవాతు తరువాత సెప్టెంబరు 5న స్వపరిపాలన దినోత్సవం వస్తుంది. పదో తరగతి వాళ్లు చీరలు, ప్యాంటు షర్టులు వేసుకుని టీచర్లవుతారు. ఒకరు హెడ్‌మాస్టరు, ఒకరు డి.ఇ.ఓ., ఒకరు కలెక్టరు. దసరా సెలవులకు ముందు బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు పిల్లలు తెస్తారు. ముస్లిం అమ్మాయిలు, సిస్టర్లు కూడా చప్పట్లు కలుపుతూ తిరుగుతారు. సిరిసిల్ల, ఎల్లారెడ్డిపేట వైపు ఇది లేకుండా బడి ఏడాది పూర్తవదు. నవంబరు 14 బాలల దినోత్సవం తరువాత క్రిస్మస్ సన్నాహాలు మొదలు. సెలవులకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లో పశువులపాక, నక్షత్రం, పాటలు, ఏసు జనన నాటిక ఉంటాయి. మరియమ్మ, జోజప్ప, గొల్లల వేషాలు ఏ మతం పిల్లలకైనా దక్కుతాయి, ఆ వేషం కోసం పోటీ కూడా ఉంటుంది. వార్షికోత్సవంతోనూ, తొమ్మిదో తరగతి వాళ్లు పదో తరగతి వాళ్లకిచ్చే వీడ్కోలు సభతోనూ సంవత్సరం ముగుస్తుంది.

బాలబాలికలు కలిసే తీరులో అమెరికాతో పోలిస్తే తేడా ఉంది. అక్కడ 1930లో చికాగోలో మేత్రాణి బెర్నార్డ్ షీల్ ప్రారంభించిన కథోలిక్ యూత్ ఆర్గనైజేషన్ బాక్సింగ్, బాస్కెట్‌బాల్ పోటీలతో ప్రసిద్ధమైంది. అక్కడి కథోలిక హైస్కూళ్లలో బాలబాలికల నృత్యోత్సవాలు బడి జీవితంలో భాగం. ఇక్కడ ఆ రూపం లేదు. బ్రదర్స్ బాలుర బడులు, సిస్టర్స్ బాలికల బడులు విడిగా పెరిగాయి. సహవిద్య ఉన్నచోట కూడా వరుసలు వేరు, బెంచీలు వేరు. వైజ్ఞానిక ప్రదర్శన, వార్షికోత్సవ రిహార్సల్, చర్చి గాయక బృందం వంటి చోట్లే వాళ్లు కలిసి పనిచేస్తారు. అలాంటి సందర్భాలు మరిన్ని ఉండటం మంచిదని చెప్పక తప్పదు.

పదో తరగతి

అమెరికాలో హైస్కూలు పన్నెండో తరగతి దాకా సాగుతుంది. తెలంగాణలో పదితో ముగుస్తుంది. పదిహేనేళ్ల వయసులో, నాయకత్వం చేతికి వచ్చే సమయానికే, పిల్లలు ఇంటర్మీడియట్ కళాశాలలకు వెళ్లిపోతారు. ఆ చివరి ఏడాది కూడా ఎస్.ఎస్.సి. పరీక్షది. ఉదయం, సాయంత్రం స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్స్ నడుస్తాయి. అందువల్ల సంఘాలను నిజంగా మోసేది ఎనిమిది, తొమ్మిది తరగతులు. కార్పొరేట్ బడులు ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే సాయంత్రాలను లాక్కున్నప్పటి నుంచి మిషన్ బడుల మీదా ఒత్తిడి పెరిగింది. క్లబ్బు పీరియడు గణితానికి పోయింది, ఆటల పీరియడు సైన్సుకు పోయింది. 2014–15 నుంచి నిరంతర సమగ్ర మూల్యాంకనంలో విలువల విద్య, కళలు, ఆరోగ్య వ్యాయామ విద్యలకు గ్రేడు ఇస్తున్నా, చాలాచోట్ల అది రిజిస్టరులో అక్షరంగా మిగిలింది. ర్యాంకు ప్రకటనల ఒత్తిడికి లొంగకుండా సాయంత్రం గంటసేపు ఆటస్థలం తెరిచి ఉంచిన బడులు తమ స్థాపకుల ఉద్దేశాన్ని నిలుపుకున్నట్టే.

పూర్వ విద్యార్థులు

బడి విడిచాక ఈ సంబంధాలు పూర్వ విద్యార్థుల సంఘాలుగా మారతాయి. హైదరాబాదు, సికింద్రాబాదు బడుల్లో ఇవి పాతవి. క్రీడా టోర్నీలు, ఉపకార వేతనాలు నడుపుతాయి. జిల్లాల్లో పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలది జోరు. ఇరవై, పాతికేళ్ల తరువాత పాత తరగతి గదిలోనే కూర్చుని హాజరు పలకడం, రిటైరైన టీచర్లకు శాలువాలు కప్పడం, మరణించిన మిత్రులకు మౌనం పాటించడం వీటి క్రమం. వాట్సాప్ గ్రూపులు ఈ కలయికలను సులువు చేశాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సెలవు దొరికే నెలను బట్టి తేదీ కుదురుస్తారు. చందాలతో బెంచీలు, నీటి శుద్ధి యంత్రం, గ్రంథాలయ పుస్తకాలు ఇవ్వడం, చనిపోయిన సహాధ్యాయి పిల్లల ఫీజు కట్టడం ఈ సంఘాలు తరచుగా చేసే పనులు.